పాళెంలో నేను వేయించిన దురాయి

ముప్పై నాలుగేళ్లు ఇతరుల ఇళ్ల తలుపులు తట్టడమే నా ఉద్యోగం. మలేరియా విభాగంలో హెల్త్ అసిస్టెంటుగా చేరాను, హెల్త్ సూపర్‌వైజరుగా దిగిపోయాను. సర్వీసంతా అల్లూరు, కావలి, బిట్రగుంట చుట్టుపక్కలే గడిచింది. ఎప్పుడు ఏ స్కేలు వచ్చింది, ఏ ఫైలు ఎవరు తొక్కిపెట్టారు అన్నవి ఇక్కడ రాయను. ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరినవాళ్లు కొందరు వచ్చి, "కరోనా టైములో మీరేం చేశారు సార్?" అని అడిగారు. నేను బాగా చేసినదానికంటే చెడగొట్టినదే వాళ్లకు ఎక్కువ పనికొస్తుందనిపించి ఇది రాస్తున్నాను.

నా గురించి ఒక సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా తాతగారి రోజుల్లో అల్లూరు పక్కన మాగాణి చాలావరకు మాది. తీరాన పాళేలవాళ్లు వలకు పడ్డ మొదటి చేపలబుట్ట తెచ్చి మా వాకిట్లో నిలబడేవారు. మా నాయన హయాంలో ఆ భూమి కొంత కోర్టుల్లోను, కొంత పంతాల్లోను పోయింది. నా వంతుకు ఇంటిపేరు మిగిలింది. ఆ ఇంటిపేరుతో నేను మందుడబ్బా భుజాన తగిలించుకుని ఇంటింటికీ తిరుగుతుంటే మా బంధువులు నవ్వారు. ఇస్త్రీ చొక్కా లేకుండా నేను ఒక్కరోజూ డ్యూటీకి వెళ్లలేదు. ఎవరింటా కూర్చోలేదు, ఎవరినీ బతిమాలలేదు. చెప్పిన పని జరగాలి, అంతే. దాన్ని క్రమశిక్షణ అనుకునేవాణ్ని. ఇప్పటికీ సగం అలాగే అనుకుంటాను.

ఒంపేసిన డ్రమ్ము

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, ఎండాకాలంలో, తీరంలోని ఒక ఊళ్లో నీళ్ల పాత్రలు తనిఖీ చేస్తున్నాను. ఒక ఇంటి డ్రమ్ములో దోమపిల్లలు లుకలుకలాడుతున్నాయి. పారబొయ్యమన్నాను. రేపు ట్యాంకరు వస్తుందని, వచ్చాక పారబోస్తానని ఆ ఇల్లాలు చెప్పింది. నేను ఆగలేదు. నా చేత్తోనే డ్రమ్ము ఒంపేశాను.

ఆమె అరవలేదు. తడిసిన ఇసుక వైపు చూసి, "ఆ నీళ్లు నువ్వు మోసినావా నాయనా?" అంది. "దోమలుంటే గుడ్డేసి వడగట్టుకుంటాం. నీళ్లే లేకపోతే ఏం వడగట్టుకోవాల?"

నా పైన ఒక సీనియర్ ఇన్‌స్పెక్టరు ఉండేవారు. పొగాకు నములుతూ తక్కువ మాట్లాడే మనిషి. సంగతి విని ఆయన, "నువ్వు చేసింది రూలు ప్రకారం తప్పు కాదు. కాని ఇక ఆ ఇంటి తలుపు నీకు తీస్తారా? తియ్యని తలుపు వెనక నీ రూలు ఏం చేస్తుంది?" అన్నారు. మర్నాడు తానే ట్యాంకరు దగ్గర నిలబడి ఆ ఇంటికి నాలుగు బిందెలు పట్టించారు. నన్ను మోయమనలేదు. నా ఇంటిపేరు ఆయనకు తెలుసు. ఆ మినహాయింపు ఇవ్వకుండా ఉంటే నాకు మేలు జరిగేది. పాఠం విన్నాను గాని భుజానికెత్తుకోలేదు.

అంకమ్మ

కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవిలో నాకు రిటైర్మెంటు దగ్గరపడింది. అల్లూరు మండలం తీరంలో ఒక పాళెం నా బాధ్యతలో ఉండేది. ఊరి పేరు రాయను.

ఆ ఊళ్లో అలివి వల లాగుతారు. వలను పడవ మీద తీసుకెళ్లి సముద్రంలో వంపు తిప్పి వదిలితే, దాని రెండు కొసల తాళ్లను ఒడ్డు మీద రెండు జట్లు పట్టి లాగుతాయి. భుజం భుజం తగలకుండా ఆ పని జరగదు. నేను మైకు పట్టుకుని ఆరడుగుల దూరం పాటించమని చెబుతుంటే, తాడు మీదున్న ఒకాయన, "ఆరడుగులు ఎడంగా నిలబడితే చేపలు గూడా ఎడంగానే పోతాయి సార్" అన్నాడు. జట్టంతా నవ్వింది.

అంకమ్మకు యాభై ఏళ్లుంటాయి. భర్త లేడు. ఒడ్డున చేపలు కొని, బుట్టతో షేర్ ఆటోలో కావలి వెళ్లి అమ్ముతుంది. కొడుకు శీనయ్య వల జట్టులో మనిషి. పరీక్షల క్యాంపులో ఆమెకు పాజిటివ్ తేలింది. కాస్త జలుబు తప్ప ఒంట్లో ఏమీ లేదు. అలాంటివాళ్లు పద్నాలుగు రోజులు ఇంట్లోనే ఉండాలని మాకు ఆదేశం. వాకిట అడ్డంగా వెదురు కర్రలు కట్టించి, కాగితం అంటించి వచ్చాను.

మూడోరోజు పొద్దున వెళ్తే ఆమె ఒడ్డున కూర్చుని కవళ్లు, అంటే చిన్న చేపలు, ఏరుతోంది. చుట్టూ ఎనిమిది మంది ఆడవాళ్లు.

"అంకమ్మా, నీకు జబ్బు ఉంది. ఇక్కడేం చేస్తున్నావు?"

"జబ్బా? యాడుండాది సార్? చూపించండి, నేను గూడా చూస్తా."

"అది కంటికి కనపడదు."

"నాకు కనపడదు, మీకు కనపడదు. మీరు అంటించిన కాగితానికి ఒక్కదానికే కనపడిందా?"

ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నీ వల్ల పక్కవాళ్లకు వస్తుందని చెప్పాను.

"నేను ఇంట్లో కూచుంటే నా గిరాకీ పక్కదానికి పోతాది సార్. అది ఖాయం. జబ్బు పోతాదో లేదో ఎవరికి తెలుసు?"

ఆమెది తప్పు. ఆరోజూ అదే అన్నాను, ఈరోజూ అదే అంటాను. పక్కన కూర్చున్న ఎనిమిది మందిలో ఎవరి ఊపిరితిత్తులు ఎంత తట్టుకుంటాయో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. ఒకరి తిరిగే హక్కు ఇంకొకరి ఊపిరి దగ్గర ఆగాలి. అయితే ఆ ఉదయం నాకు వచ్చిన కోపంలో అంటువ్యాధి గురించిన భాగం తక్కువ. ఆడవాళ్ల ముందు నవ్వులపాలయ్యానన్న భాగమే ఎక్కువ.

అదే వారం అల్లూరు దగ్గర రొయ్యల గుంటలున్న ఒకతనికి కూడా పాజిటివ్ వచ్చింది. మావాడే, దూరపు చుట్టం. ఇంట్లో ఉండకుండా ఒక నిశ్చితార్థానికి వెళ్లాడు. ఫోన్ చేస్తే, "మామా, నా ఒళ్లు నా ఇష్టం. నువ్వు గూడా ఏంది మామా" అని పెట్టేశాడు. పోలీసులకు చెప్పవచ్చు. చెప్పలేదు. అతని గేటుకు కర్రలు కట్టించాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

దురాయి

ఆ పాళెంలో ప్రభుత్వం మాట కంటే ముందు నడిచేది ఊరి మాట. పెద్దకాపు అని ఊరికి ఒక పెద్ద ఉంటాడు. ఊరంతా కూర్చుని ఏదైనా కట్టడి చేస్తే దాన్ని దురాయి అంటారు. ఏ రోజు వేటకు వెళ్లకూడదు, ఏ వల వాడకూడదు అన్నవి అలాగే తేలుస్తారు. ఒక ఇంటి మీద దురాయి పడితే ఆ ఇంటితో ఎవరూ మాట్లాడరు, నీళ్లు ఇవ్వరు, నిప్పు ఇవ్వరు, వల తాడు పట్టనివ్వరు.

అప్పటి పెద్దకాపు గోవిందయ్య. అరవై దాటిన మనిషి. అంకమ్మతో మాట పడిన ఆ ఉదయం నేను ఒడ్డు మీద నుంచి నేరుగా ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన కుర్చీ వేశాడు. నిలబడే మాట్లాడాను.

"అంకమ్మ ఇంటి మీద దురాయి వెయ్యాలి."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "ఆడమనిషి సార్. తిట్టి చెపుదాం, ఇంటుంది."

"నేను చెప్పి చూశాను. వినలేదు."

"దురాయి వేసేది సులువు సార్. తీసేదానికి మళ్లీ ఊరంతా కూచోవాల. ఎవరు వెయ్యమన్నారో వాళ్లే వచ్చి తియ్యమని అడగాల. ఆలోచన చేసుకోండి."

"పద్నాలుగు రోజులకు వెయ్యండి, చాలు."

"దురాయికి రోజులుండవు సార్. ఇది మీ ఆఫీసు కాయితం కాదు."

"రోజుల సంగతి నేను చూసుకుంటాను. మీరు వెయ్యండి."

మా తాతగారి గొంతు నా నోట్లోంచి వచ్చిందని అప్పుడు నాకు తెలియలేదు. గోవిందయ్యకు తెలిసి ఉండాలి. తల వంచి సరేనన్నాడు. సాయంత్రం చాటింపు వేశారు.

మర్నాటి నుంచి అంకమ్మ గడప దాటలేదు. నేనూ మా ఉద్యోగులూ చేయలేని పని ఒక్క చాటింపు చేసింది. కోడలు, కొడుకు కూడా అడుగు బయట పెట్టలేదు. తాగే నీళ్లు, బియ్యం మా ఏఎన్‌ఎం తీసుకెళ్లి కర్రల దగ్గర పెట్టివచ్చేది. రెండు వారాలు ఆ ఊళ్లో కొత్త కేసు రాలేదు. ఒక పై అధికారి వీడియో సమావేశంలో నా పేరు చెప్పి, ఈ పద్ధతి మిగతా పాళేల్లో కూడా పెట్టమన్నారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మా పీహెచ్‌సీ డాక్టరమ్మకు ముప్పై ఏళ్లు కూడా లేవు. నా వయసులో సగం. మీటింగు అయ్యాక ఆమె ఒకే ప్రశ్న వేసింది.

"వేయించారు సరే సార్. ఎవరు తీస్తారు?"

"ఊరే తీస్తుందమ్మా."

"మీకు తెలుసా, అనుకుంటున్నారా?"

నాకు నచ్చలేదు. చిన్నపిల్ల, పుస్తకాల చదువు అనుకున్నాను.

ఊరు తియ్యలేదు

పదిహేనోరోజు నేనే వెళ్లి కర్రలు విప్పించాను, కాగితం చించాను. అంకమ్మ గుమ్మంలో నిలబడి చూసింది గాని ఒక్క మాట మాట్లాడలేదు. ఎప్పుడూ ఎదురు చెప్పే మనిషి మాట్లాడకపోతే గెలిచాననుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత శీనయ్య పీహెచ్‌సీకి వచ్చాడు. లోపలికి రాకుండా మెట్ల దగ్గరే నిలబడ్డాడు.

"సార్, మీరు కర్రలు తీసినారు. ఊరు తియ్యలేదు."

"అంటే?"

"తాడు పట్టుకోబోతే జట్టంతా వదిలేసి పక్కకు నిలబడినారు. ఒకడు గూడా తిట్టలా సార్, తిడితే బాగుండు. మాయమ్మ కుళాయి కాడికి పోతే బిందెలెత్తుకుని పోయినారు. ఆటో అబ్బాయి ఆపడంలా. ఆదివారం దాకా చూస్తాం. తర్వాత పులికాట్ వైపు నా పెళ్లాం వాళ్లూరికి ఎళ్లిపోతాం."

"అక్కడ ఏం చేస్తావు?"

"ఏముండాది, ఎవరి పడవలోనో కూలికి పోతా. ఇక్కడ మా నాయన వాటా ఉండాది ఆ వలలో. అది పోయినట్టే."

అతను వెళ్లాక మా ఏఎన్‌ఎంను పిలిచి, ఊరు ఇంకా ఎందుకు భయపడుతోంది, కొత్త కేసులు కూడా లేవు కదా అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు నాకు గుర్తుంది.

"కేసులు లేవని ఎవరు చెప్పినారు సార్? క్యాంపుకు ఎవరూ రాలేదు, అంతే. అల్లూరు మందుల షాపులో అడగండి, జరం బిళ్లలు ఎవరు కొంటుండారో. జరమని చెపితే అంకమ్మకు చేసినట్టు చేస్తారని తలుపులేసుకుని మూలుగుతుండారు. తాడు లాగేవాళ్లలోనే ఇద్దరుండారు."

రెండు వారాలు కొత్త కేసు రాలేదని నేను రాసి పంపిన రిపోర్టు నా ముందు ఫైల్లో ఉంది. కట్టడి చేశాననుకున్న జబ్బును నేనే తలుపుల వెనక దాచిపెట్టాను. భయం మనుషుల్ని ఇంట్లో ఉంచింది నిజమే, దాంతోపాటు జ్వరాన్ని కూడా ఇంట్లో ఉంచింది.

కొత్తగా చేరినవాళ్లు ఈ చోట కాస్త ఆగండి. జబ్బు వచ్చినవాణ్ని ఆపే అధికారం మనకు ఉండాలి. లేకపోతే మనం అనవసరం. "నా ఒళ్లు నా ఇష్టం" అన్నవాడి మాట విని ఊరుకుంటే ఆ ఇష్టానికి మూల్యం పక్కింటివాళ్లు కడతారు. కాని ఆపడం ఒక పని, శిక్షించడం ఇంకొక పని. ఆపడానికి ఒక తేదీ ఉంటుంది, తిండి పెట్టే చెయ్యి ఉంటుంది, వచ్చి విప్పే మనిషి ఉంటాడు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ మూసిన తలుపు శిక్షే. శిక్ష పడుతుందని తెలిస్తే ఎవడూ జబ్బు చెప్పుకోడు. నేను రెంటినీ కలిపేశాను. పైగా బలం లేని ఇంటి మీద కలిపాను.

ఊరి ముందు

గోవిందయ్యకు ఫోన్ చేశాను. అవతల ఆయన గొంతు బొంగురుగా ఉంది. ఆయన నాకు మర్యాదైన దారి చూపించాడు.

"మీరు రావద్దులే సార్. కాయితం రాసి పంపండి, నేను సదివిస్తా. మీ ఇంటోళ్లు మా ఊరి ముందు నిలబడేదేంది?"

నాకు ఆ దారి నచ్చింది. కాగితం రాశాను కూడా. పంపేముందు శీనయ్యకు ఫోన్ చేసి చెప్పాను. ఫోన్ అంకమ్మ లాక్కుంది.

"కాయితం పంపితే కాయితం మీద తీస్తారు సార్. కుళాయి కాడ తీస్తారా?"

శనివారం ఉదయం, వల ఒడ్డుకు చేరాక, ఊరు వలల పాక దగ్గర కూర్చుంది. మాస్కులు కట్టించి ఎడంగా కూర్చోబెట్టాను. నాకోసం కాదు, తలుపుల వెనక జ్వరాలున్నాయని తెలుసు గనక. గోవిందయ్య అందరికీ దూరంగా, మూతికి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. దురాయి తియ్యమని అడిగేవాడు చెప్పులు విడిచి, ఇసుకలో నిలబడి మాట్లాడాలి. చెప్పులు విడిచాను. ఇసుక అప్పటికే కాలుతోంది. అంకమ్మ, శీనయ్య నాకు పక్కగా నిలబడ్డారు.

ముందు వరుసలో ఒక ముసలాయన పక్కవాడితో, నాకు వినపడేలాగే అన్నాడు: "వీళ్ల తాత వాకిట్లో మా నాయన ఎంతసేపు నిలబడినాడో. ఈయన్ని గూడా కొంచేపు నిలబడనీ."

నిలబడ్డాను. తర్వాత చెప్పాను. అంకమ్మ ఇంటి మీద దురాయి వెయ్యమన్నది నేను. రోజులుండవని మీ పెద్దకాపు చెప్పినా వినలేదు. ఆమెకు జబ్బు తగ్గింది, ఆమె వల్ల ఇప్పుడు ఎవరికీ రాదు. తప్పు నాది, తియ్యండి అన్నాను. ఇంతకంటే పొడుగ్గా ఇంట్లో తయారు చేసుకున్నాను గాని నోట్లోంచి రాలేదు.

తాడు జట్టులోంచి ఒకడు లేచాడు. "రొయ్యల గుంటలాయనకి గూడా జబ్బొచ్చింది గదా సార్. ఆయనకు కట్టినారా కర్రలు?"

"లేదు. కట్టాల్సింది."

ఎవరూ నవ్వలేదు. నవ్వుతారనుకున్నాను.

ఇంకొకామె అడిగింది. "అయితే సార్, జబ్బొచ్చినోళ్లు ఇంక ఊరంతా తిరగొచ్చునా? మా ఇంట్లో పసిబిడ్డ ఉండాది."

"తిరక్కూడదు. అంకమ్మ ఆరోజు ఒడ్డుకు రావడం తప్పే."

అంకమ్మ నా వైపు కాకుండా ఆడవాళ్ల వైపు తిరిగి, "తప్పే," అంది. "పోకుండా ఉండాల్సింది. పోయినా. మీ పక్కనే కూచున్నా."

"ఎవరికి జబ్బొచ్చినా పద్నాలుగు రోజులు ఇంట్లో ఉండాలి," అన్నాను. "కాని తలుపు మీద నేను తేదీ రాస్తాను, నా పేరు రాస్తాను. ఆరోజు నేను వచ్చి విప్పుతాను. అన్నం, నీళ్లు ఎవరు పెడతారో ముందే తేలుద్దాం. వాళ్ల గిరాకీ, వాళ్ల తాడు ఎవరూ తీసుకోకూడదు. ఇది నేను చెప్పి చేయించేది కాదు. మీరు ఒప్పుకుంటేనే జరుగుతుంది."

చాలాసేపు వాదించుకున్నారు. గిరాకీ సంగతి దగ్గర ఆడవాళ్లలో కేకలు లేచాయి. చివరికి గోవిందయ్య చెయ్యి ఎత్తాడు. "దురాయి తీసేసినాం. సారు చెప్పినట్టు చేద్దాం. లేవండి."

ఎవరూ లేవకముందే ఆడవాళ్ల వెనక నుంచి ఆయన భార్య ముందుకొచ్చింది.

"అయితే ఇప్పుడు చెపుతా. ఈయనకు నాలుగు దినాలుగా జరం."

"గమ్మునుండు," అన్నాడు గోవిందయ్య.

"ఎందుకుండాల? కషాయం కాచి కాచి నా చేతులు కాలినాయి. బయట చెపితే తన దురాయి తన మీదనే పడుతాదని నా నోరు కట్టినాడు. ఇప్పుడు తీసేస్తిరి గదా, ఇంకేం భయం?"

జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. గోవిందయ్య తువ్వాలు మూతి మీదికి ఇంకా లాక్కుని నేల చూపులు చూస్తున్నాడు. నాకంటే ముందే నోరు తెరిచింది అంకమ్మ.

"అన్నా, ఇంటికి పో. పొద్దున నా ఇంటి నుంచి కూడు వస్తాది, సందేళ నీ చెల్లెలింటి నుంచి తెప్పించుకో. పద్నాలుగు దినాలు గమ్మునుండు. ఒడ్డు మీద కనపడినావంటే నేనే సారుకి చెపుతా, ఆయనకు కర్రలు కట్టేదంటే భలే ఇష్టం."

ఈసారి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గోవిందయ్య లేచి, ఎవరికీ తగలకుండా జనం చుట్టూ తిరిగి, ఇంటికి నడిచాడు.

పాక పక్కనే బల్ల వేయించి, మా ఏఎన్‌ఎం వెంట తెచ్చిన కిట్లతో పరీక్షలు మొదలుపెట్టాం. గోవిందయ్య భార్య మొదట వచ్చింది. ఆమె వెనక తాడు జట్టువాళ్లు, ఆ వెనక పసిబిడ్డను ఎత్తుకున్న ఆమె. ఎండలో ఆ వరుస పాక దాటి రోడ్డు దాకా వెళ్లింది. అంతమంది వస్తారని నేను అనుకోలేదు. తెచ్చిన కిట్లు సగం మందికి కూడా రాలేదు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి రోడ్డు మీదికి వెళ్లి, సిగ్నలు దొరికిన చోట నిలబడి డాక్టరమ్మకు ఫోన్ చేశాను, ఇంకా పంపమని.